ట్యాంకరు ఎటు పోయింది?

ఇబ్రహీంపట్నంలో ఒక సందు. సందులో పాతిక ఇళ్లు. ఒకవైపు చూస్తే థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇంకోవైపు కాస్త దూరం నడిస్తే కృష్ణానది.

ఆ సందులో ఒక ఇంట్లో మరుగుదొడ్డి పొంగింది. నీళ్లు పోస్తే దిగవు. ఒకటే వాసన. మూడు రోజులు ఇంటిల్లిపాదీ పక్కింటి దొడ్డికి వెళ్లారు. నాలుగో రోజు సెప్టిక్ ట్యాంకు తోడే లారీ వచ్చింది. లావుపాటి గొట్టం లోపలికి వేశారు. మోటారు వేశారు. గంటలో ట్యాంకు ఖాళీ అయింది.

ఆ ఇంటి కోడలు ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. ఎక్కడ అక్షరం కనబడితే అక్కడ ఆగి కూడబలుక్కుంటుంది. ట్యాంకరు మీద ఫోను నంబరు చదివింది. ఊరి పేరు చదివింది. తోడింది ఎక్కడ పోస్తారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

"తమ్ముడూ, ఇదంతా తీసుకెళ్లి ఎక్కడ పోస్తావు?" అని డ్రైవర్ని అడిగింది.

"ఊరి బయట పోస్తాం అక్కా."

"ఊరి బయట అంటే ఎక్కడ?"

"వాగు పక్కన ఖాళీ జాగా ఉందిగా, అక్కడ" అన్నాడు అతను. డబ్బులు లెక్కపెట్టుకుని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

అరుగు మీద కూర్చున్న అత్త ఈ మాట విన్నది. ఆమె పుట్టినిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. అక్కడ ఎన్నో ఊళ్లలో బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాలవ నీళ్లతో చెరువు నింపుకుని అవే తాగుతారు.

"అదేంటమ్మాయ్! వాగులో పోస్తే అది కిందకే పోతుందిగా. కింద మా వాళ్లున్నారు" అన్నది అత్త.

కోడలికి ఆ మాట మనసులో పడిపోయింది.

నీళ్ల దారి

అత్త అన్నది నిజమే. ఇబ్రహీంపట్నం వాగులు, మురుగు కాలవలు పల్లానికే పోతాయి. పల్లాన కృష్ణ ఉంది. 2015లో పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలిసింది కూడా ఇబ్రహీంపట్నం దగ్గరే. ఆ చోటుకు పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. 2016 పుష్కరాలకు జనం అక్కడ స్నానాలు చేశారు.

అక్కణ్ణించి నది విజయవాడకు పోతుంది. అక్కడ నీళ్లకు అడ్డం ప్రకాశం బరాజి. 1855లో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బరాజి వచ్చింది. దీని కాలవల కింద సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ తూర్పు వైపు పోతాయి. పడమటి వైపు గుంటూరు, బాపట్ల జిల్లాల పొలాలకు వేరే కాలవలు ఉన్నాయి. ఈ కాలవ నీళ్లతో వరి పండుతుంది. ఈ కాలవ నీళ్లతోనే మంచినీళ్ల చెరువులు నిండుతాయి. పులిగడ్డ దగ్గర నది మీద కట్టిన అక్విడక్టు దాటి దివిసీమకు కూడా ఈ నీళ్లే వెళ్తాయి.

చివరికి మిగిలింది హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నాయి. మడ చెట్ల వేళ్లు బురదలో నుంచి పైకి లేచి ఉంటాయి. ఆ వేళ్ల సందుల్లోనే రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. అవి పెద్దవై సముద్రంలోకి వెళ్తేనే జాలరి వలలో పడేది. బావురుపిల్లి అనే చేపలు పట్టి తినే పిల్లి కూడా ఆ అడవిలో బతుకుతుంది. తీరం ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. తుఫాను వచ్చినప్పుడు అలల జోరు తగ్గించేది కూడా ఆ మడ చెట్లే. మంచినీళ్లు, ఉప్పునీళ్లు కలిసే చోటు చాలా సున్నితమైనది. పైనుంచి ఏది వచ్చినా అక్కడికే చేరుతుంది.

ఒక ఇంటి నుంచి ఎంత మురికినీరు పోతుందో కోడలు లెక్క వేసింది. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీళ్లు ఇవ్వాలని ప్రభుత్వ లెక్క. ఇంట్లో 5 మంది. 55 ను 5 తో హెచ్చిస్తే 275 లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మురికినీరుగా బయటికి పోతాయని ఇంజనీర్ల లెక్క. అంటే 220 లీటర్లు. వంద ఇళ్లకు 22,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు తీసుకుంటే, రోజూ నాలుగు ట్యాంకర్ల పైమాటే. పట్నాల్లో వాడకం ఇంకా ఎక్కువ.

కుడితి తొట్టి, సెప్టిక్ ట్యాంకు

ఆ వారం పొదుపు సంఘం ఆడవాళ్లు కూర్చున్నప్పుడు నర్సమ్మ కూడా వచ్చింది. కోడలు ట్యాంకరు సంగతి చెప్పింది.

"మనకు సెప్టిక్ ట్యాంకు ఉందిగా. మురికి అందులోనే శుభ్రం అయిపోతుంది అనుకున్నాం" అన్నది ఒకామె.

"ఇంట్లో గేదె ఉన్నవాళ్లు ఎవరు?" అని అడిగింది నర్సమ్మ. ఇద్దరు చేతులెత్తారు. "కుడితి తొట్టి కదపకుండా ఉంచితే ఏమవుతుంది?"

"తవుడు అడుక్కి దిగుతుంది. పైన తెట్టు కడుతుంది. మధ్యలో నీళ్లు తేరతాయి."

"సెప్టిక్ ట్యాంకూ అంతే. అడుగున మడ్డి. పైన తెట్టు. మధ్యలో నీళ్లు. ఆ మధ్య నీళ్లే గొట్టం గుండా బయటికి పోతాయి. చూడ్డానికి తేరినట్టు ఉంటాయి. మీరు కుడితి తొట్టిలో తేరిన నీళ్లు తాగుతారా?"

అందరూ నవ్వారు.

సెప్టిక్ ట్యాంకు సగం పనే చేస్తుంది. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు దానిలో ఉంటాయి. అవి మలాన్ని కొంత తింటాయి. మిగిలింది అడుగున మడ్డిగా చేరుతుంది. బయటికి వచ్చే నీళ్లలో రోగాలు తెచ్చే క్రిములు బతికే ఉంటాయి. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, నులిపురుగులు ఆ నీళ్లతోనే వస్తాయి. అందుకే ఆ నీళ్లను కాలవలోకి వదలకూడదు. ఇంకుడు గుంటలోకి పంపాలి. ఆ గుంట మంచినీళ్ల బావికి, బోరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే 60 అడుగులు.

ఇక్కడే చిక్కు. ఇరుకు సందులో 60 అడుగులు ఎక్కడ దొరుకుతాయి? ఒక ఇంటి గుంట పక్కింటి బోరు పక్కనే ఉంటుంది. డెల్టా ఊళ్లలో అయితే నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. గుంటలో మురికి, భూమిలో నీళ్లు ఒకటైపోతాయి. పల్లెల్లో చెప్పే రెండు గుంటల మరుగుదొడ్డి మంచిదే. ఒక గుంట నిండితే మూసి, రెండేళ్లు ఆగితే లోపలిది ఎరువవుతుంది. నీళ్లు పైపైనే ఉన్న నేలలో మాత్రం అది కూడా మెరక చేసి కట్టుకోవాల్సిందే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పుడు మరుగుదొడ్డి ఏది, మంచినీళ్ల సంపు ఏది అన్న తేడా లేకుండా పోయింది. ఆ ముంపు చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లలో యూరియా

"క్రిములు పోవాలంటే నీళ్లు కాచుకుంటే సరిపోతుందిగా?" అన్నది కోడలు.

"క్రిములు చస్తాయి. కానీ కాచినా పోనిది ఒకటుంది" అన్నది నర్సమ్మ.

మనిషి మూత్రంలో యూరియా ఉంటుంది. బస్తాల్లో వచ్చే యూరియా కూడా అదే. అందులో నత్రజని ఉంటుంది. వరిచేలో యూరియా చల్లితే చేను పచ్చబడుతుంది. చెరువులో పడితే? నాచు పచ్చబడుతుంది. గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతుంది. కాలవలు గుర్రపుడెక్కతో మూసుకుపోవడం ఈ జిల్లాల్లో అందరూ చూసిందే. కొల్లేరులోనూ అదే గొడవ. కొల్లేరు 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. బుడమేరు నీళ్లు కూడా అందులోకే పోతాయి. అక్కణ్ణించి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి.

నాచు చస్తే కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ప్రాణవాయువును లాగేస్తుంది. చేపల చెరువు కౌలు చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వెంటనే గాలి చక్రాలు వేయకపోతే తెల్లారేసరికి చెరువంతా చచ్చిన చేపలే. చెరువుకు గాలి చక్రాలు పెట్టొచ్చు. మడ అడవికి, నది మొగకు ఎవరు పెడతారు?

నత్రజని భూమిలోకి దిగి బావినీళ్లలో నైట్రేట్‌గా మారుతుంది. లీటరు నీళ్లలో 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. నెలల పిల్లల పాలు ఆ నీళ్లతో కలిపితే పిల్లల ఒళ్లు నీలం తిరగొచ్చు. కాచితే నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

కనుక తీరం దగ్గర, చెరువుల దగ్గర, మంచినీళ్ల కాలవకు ఎగువన మురికినీటిని ఇంకో మెట్టు ఎక్కువగా శుభ్రం చేయాలి. మామూలుగా శుభ్రం చేస్తే మలం పోతుంది. ఆ పై మెట్టులో యూరియా, భాస్వరం కూడా పోవాలి.

చిన్న తొట్టిలో పెద్ద పని

ఇదేమీ మంత్రం కాదు. పెద్ద ఫ్యాక్టరీ కూడా అక్కర్లేదు. నాలుగు అపార్టుమెంట్లకో, ఒక హాస్టలుకో, ఒక ఆస్పత్రికో సరిపడా చిన్నగా కట్టొచ్చు.

ముందు మురికినీళ్లు ఒక తొట్టిలోకి వస్తాయి. బరువైనది అడుక్కి దిగుతుంది. తర్వాత వరసగా నాలుగైదు గదులున్న తొట్టి. నీళ్లు ఒక గది అడుగు నుంచి ఎక్కి, ఇంకో గదిలోకి దిగి, మళ్లీ ఎక్కుతూ పోతాయి. ప్రతి గది అడుగునా సూక్ష్మజీవులు ఉంటాయి. నీళ్లు వాటి మధ్య నుంచి పోతుంటే అవి మురికిని తింటాయి. దీనికి కరెంటు ఖర్చు లేదు.

తర్వాత కంకర మడి. కంకర పరిచి, దాని మీద రెల్లు, తుంగ, మెట్టతామర లాంటి మొక్కలు నాటుతారు. నీళ్లు కంకర కిందనే పారతాయి. పైకి కనబడవు. అందుకని దోమలు చేరవు. వేళ్ల దగ్గర చేరిన సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తింటాయి. మొక్క కొంత నత్రజనిని ఎరువుగా తీసుకుంటుంది. మన పెద్దవాళ్లు స్నానాల గది వెనక అరటి మొక్క నాటేది ఇందుకే. ఏ ఇంజనీరూ చెప్పకుండానే వాళ్లకు ఈ సంగతి తెలుసు.

కంకర మడికి జాగా కావాలి. జాగా లేని చోట గాలి తొట్టి పెడతారు. చిన్న యంత్రం అడుగు నుంచి గాలి ఊదుతుంది. రొయ్యల చెరువులో చక్రం చేసే పనే ఇది. గాలి తగిలితే ఒక రకం సూక్ష్మజీవులు యూరియా నుంచి వచ్చిన అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. అంతటితో వదిలేస్తే లాభం లేదు, నత్రజని నీళ్లలోనే ఉంది. అందుకని ఆ నీళ్లను గాలి లేని గదిలోకి పంపుతారు. అక్కడ ఇంకో రకం సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి గాలి దొరకదు. అవి నైట్రేట్‌లో ఉన్న ప్రాణవాయువును లాక్కుంటాయి. మిగిలిన నత్రజని బుడగలై గాలిలో కలిసిపోతుంది. గాలిలో ఎక్కువ భాగం నత్రజనే కాబట్టి దానివల్ల హాని లేదు. ఒకసారి గాలి, ఒకసారి గాలి లేకుండా. కిటుకంతా ఇంతే.

ఇంకా భాస్వరం మిగిలింది. దానికి పటిక వేస్తారు. వానాకాలం బురద కాలవ నీళ్ల బిందెలో పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగడం అందరికీ తెలుసు. భాస్వరం కూడా పటికతో ముద్ద కట్టి అడుక్కి దిగుతుంది. ఆఖర్న క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. ఆ నీళ్లు తాగడానికి కాదు. మొక్కలకు పోయొచ్చు, దొడ్డి కడగొచ్చు.

జపాన్ దేశంలో పెద్ద మురుగు గొట్టాలు లేని ఊళ్లలో ఇంటింటి పెరట్లో ఇలాంటి తొట్టి పాతిపెడతారు. దాన్ని జోకాసో అంటారు. దానికోసం 1983లో చట్టం చేశారు. 2001 నుంచి కొత్త ఇళ్లలో మరుగుదొడ్డి నీళ్లు ఒక్కటే శుభ్రం చేస్తే చాలదు, వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు కూడా అందులోకే పోవాలి. ఏటా తోడించాలి. ఏటా వచ్చి పరీక్ష చేస్తారు.

అలాగని మన సందులో ఇంటింటికీ అలాంటి తొట్టి పెట్టమంటే కుదిరే మాట కాదు. గాలి యంత్రానికి ఎప్పుడూ కరెంటు కావాలి. కరెంటు పోతే మంచి సూక్ష్మజీవులు చస్తాయి. చూసుకునే మనిషి లేకపోతే ఆరు నెలల్లో అది కూడా వట్టి సెప్టిక్ ట్యాంకే. కట్టించి వదిలేసిన యంత్రం కంటే సరిగ్గా తోడించిన సెప్టిక్ ట్యాంకు నయం.

తోడింది ఎక్కడికి చేరాలి

మరి సందులో ఇళ్లకు దారేమిటి? తోడే ట్యాంకర్లన్నీ ఒక చోటికే వెళ్లాలి. అక్కడ ఆ మడ్డిని శుభ్రం చేయాలి.

బెంగళూరు దగ్గర దేవనహళ్లి అనే చిన్న పట్టణం ఉంది. 2015లో అక్కడ ఇలాంటి కేంద్రం మొదలైంది. రోజుకు 6,000 లీటర్ల మడ్డి తీసుకునే చిన్న కేంద్రం. మడ్డిని మడుల్లో ఆరబెడతారు. నీళ్లను కంకర మడి గుండా పంపుతారు.

మన రాష్ట్రంలో నర్సాపురంలో ఇంకో పద్ధతి పెట్టారు. నర్సాపురం అంటే లేసు అల్లికల ఊరు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర. అక్కడ ట్యాంకరు తెచ్చిన మడ్డిలో నీళ్లు పిండి, ఆరబెట్టి, బాగా వేడి మీద కాలుస్తారు. ఆ వేడికి క్రిములు, పురుగు గుడ్లు చస్తాయి. మురికి నదిలోకి పోకుండా ఆగుతుంది.

నర్సమ్మ ఇదంతా చెప్పి ఒక సంగతి గట్టిగా చెప్పింది. "ట్యాంకు నిండితే మనిషిని మాత్రం లోపలికి దించకండి. కూలి ఎక్కువిస్తాం అనొద్దు. అతనే దిగుతానన్నా ఒప్పుకోవద్దు."

ట్యాంకులో విషవాయువు ఉంటుంది. రెండు మూడు ఊపిరులు పీల్చేసరికి మనిషి పడిపోతాడు. అతన్ని తీద్దామని దిగిన రెండో మనిషీ పడిపోతాడు. ఇలా చాలామంది పోయారు. రక్షణ లేకుండా మనిషిని అందులో దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మూత తీసిన చోట అగ్గిపుల్ల కూడా గీయకూడదు. లోపలి గాలి అంటుకుంటుంది.

"ఇంకోటి. దొడ్డి తెల్లగా రావాలని రోజూ యాసిడ్ పోస్తున్నారు. అది ట్యాంకులో మంచి సూక్ష్మజీవుల్ని చంపుతుంది. వాడిన ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు వేస్తే గొట్టం మూసుకుపోతుంది."

మూలన కూర్చున్న ఒకావిడ తల దించుకుంది. "మా ఇంట్లో రోజూ యాసిడే పిన్నీ" అని పక్కామెతో నెమ్మదిగా అన్నది.

అర్జీ

మరునాడు కోడలు తెల్ల కాగితం తీసుకుంది. రెండుసార్లు తప్పులు పడ్డాయి. మూడోసారి ఇలా రాసింది:

"మున్సిపల్ కమిషనర్ గారికి, ఇబ్రహీంపట్నం ఆడవాళ్లు రాసుకున్న అర్జీ. మా సందులో సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు మురికిని వాగు పక్కన పోస్తున్నాయి. ఆ నీళ్లు కృష్ణలో కలుస్తాయి. దిగువ ఊళ్లవాళ్లు అవి తాగుతారు. తోడిన మురికి ఎక్కడ పోయాలో లారీలకు చోటు చూపించండి. అక్కడ దాన్ని శుభ్రం చేయించండి. లారీ మీద ఆ చోటు పేరు రాయించండి. మాకు జవాబు ఇప్పించండి."

కింద పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. అత్తకు సంతకం రాదు. "నా వేలిముద్ర వెయ్యి అమ్మాయ్" అన్నది. తర్వాత ఆగి, "పక్కన నాగాయలంక అని కూడా రాయి. మా ఊరివాళ్ల తరఫున" అన్నది.

ఆఫీసులో కాగితం ఇచ్చి ఊరికే తిరిగి రాలేదు. నకలు మీద తేదీ వేయించుకున్నారు. ముద్ర వేయించుకున్నారు.

ఇంటికి వచ్చాక అత్త అడిగింది. "మళ్లీ ట్యాంకు ఎప్పుడు తోడించాలి?"

"పొంగేదాకా ఆగకూడదట అత్తయ్యా. మడ్డి పెరిగితే నీళ్లు తేరకుండానే బయటికి పోతాయట. రెండు మూడేళ్లకు ఒకసారి తోడించాలట."

"అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?"

కోడలు పొయ్యిలో నుంచి బొగ్గుముక్క తెచ్చింది. దొడ్డి తలుపు పక్కన గోడ మీద ట్యాంకు తోడిన తేదీ రాసింది. దాని కింద రెండేళ్ల తర్వాతి తేదీ రాసింది. దాని పక్కన ఇంకొంచెం చోటు వదిలింది. ఈసారి లారీ ఎక్కడికి పోయిందో అక్కడ రాయాలి.